కొత్తదనం, చౌకదనం, ఊరి పేరు: బోజొలే శరత్కాల వైన్ చరిత్ర - ఒక పరిశీలన

ప్రవేశిక

తక్కువ ధరకు దొరికే మంచి వైన్ ఏది? వైన్ నిత్యజీవితంలో భాగమైన దేశాలలో శరత్కాలం రాగానే సామాన్య కొనుగోలుదారు వేసుకొనే ప్రశ్న ఇది. పైకి ఇది అంగడి ప్రశ్నగా కనిపిస్తుంది. కానీ దీనికి సరైన సమాధానం చరిత్రలో వెదకవలసి ఉంటుంది. ఒక సీసా చౌకగా ఉండడానికి, చౌకగా ఉంటూనే నమ్మదగినదిగా ఉండడానికి నేల స్వభావం, తీగ జాతి, రవాణా మార్గం, పన్నుల శాఖ ఉత్తర్వులు, వర్తకుల ప్రచారం అన్నీ కలిసి పనిచేస్తాయి. ఈ అంశాలన్నీ స్పష్టంగా కనిపించే ఉదాహరణ ఫ్రాన్స్ దేశంలోని బోజొలే ప్రాంతం. అక్కడ ఆ ఏడాది కోసిన ద్రాక్షతో చేసిన వైన్‌ను 'బోజొలే నూవో' అనే పేరుతో నవంబరు నెల మూడవ గురువారం నాడు విడుదల చేస్తారు. 'నూవో' అంటే 'కొత్త' అని అర్థం. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ప్రపంచమంతటా అతి ఎక్కువ ప్రసిద్ధి పొందిన చౌక శరత్కాల వైన్ ఇదే.

బోజొలే చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చౌక వైన్‌కు విలువ తెచ్చేది కొత్తదనం కాదు, ఊరి పేరు మీద కొనేవారికి ఉన్న నమ్మకం. ఆ నమ్మకం ఏ ఒక్క వర్తకుడి సొత్తూ కాదు. అది ఆ ప్రాంతపు రైతులందరి ఉమ్మడి ఆస్తి. వేగం కోసం ఆ ఆస్తిని ఖర్చు చేసినప్పుడు నష్టపోయినవారు త్వరపడి అమ్మినవారు మాత్రమే కాదు. తమ వైన్‌ను నెలల తరబడి ఓపికగా సిద్ధం చేసిన పొరుగు రైతులు కూడా నష్టపోయారు. ఈ పరిణామాన్ని కాలక్రమంలో వివరించడం, దాని ఆధారంగా వైన్ చీటీని ఎలా చదవాలో తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదచర్చ

విషయంలోకి వెళ్లేముందు తెలుగులో ఈ పానీయానికి ఉన్న పేర్లను పరిశీలించడం అవసరం. తెలుగు బైబిలు అనువాదంలో దీనికి 'ద్రాక్షారసము' అనే మాట స్థిరపడింది. పాత తిత్తులు, క్రొత్త ద్రాక్షారసము అనే ఉపమానం ద్వారా 'కొత్త వైన్' అనే భావన తెలుగు క్రైస్తవ సమాజానికి పరిచితమే. ఆయుర్వేదంలో 'ద్రాక్షాసవం', 'ద్రాక్షారిష్టం' అనే మాటలున్నాయి. కషాయం కాచి పులియబెట్టినది అరిష్టం, కాచకుండా పులియబెట్టినది ఆసవం. ఈ రెండూ ఔషధాల పేర్లు. రోజువారీ వ్యవహారంలో మాత్రం 'వైన్' అనే ఆంగ్లపదమే నిలిచింది.

అయితే ఆ పదం తెలుగునాట విచిత్రమైన అర్థవ్యాకోచం పొందింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఊళ్లలో 'వైన్స్' అని రాసిన బోర్డు కనిపిస్తే అక్కడ ప్రధానంగా అమ్మేవి బీరు, విస్కీ, బ్రాందీ వంటివి. ద్రాక్షతో చేసిన వైన్ అక్కడ దొరికితే ఏ మూల అరలోనో దొరుకుతుంది. ఒక వస్తువు పేరు ఆ వస్తువును విడిచి మొత్తం మద్యవ్యాపారానికి పేరైంది. పేరుకూ వస్తువుకూ మధ్య బంధం ఇలా సడలిపోవచ్చునన్న విషయం బోజొలే చరిత్రను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. గందరగోళం లేకుండా ఉండేందుకు ఈ వ్యాసంలో ద్రాక్షరసాన్ని పులియబెట్టగా వచ్చే పానీయాన్ని మాత్రమే 'వైన్' అని వ్యవహరించడమైనది.

ద్రాక్ష పానీయాన్ని ఊరి పేరుతో గుర్తించే పద్ధతి యూరప్‌కే పరిమితం కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలోని సురాధ్యక్ష ప్రకరణంలో ద్రాక్షతో చేసిన పానీయాన్ని మధువుగా పేర్కొన్నాడు. కాపిశాయనం, హారహూరకం అనే పేర్లు అది పుట్టిన దేశాన్ని బట్టి వచ్చినవని తెలిపాడు. 'కాపిశాయన' శబ్ద నిష్పత్తికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చెప్పాడు. కాపిశి నేటి అఫ్ఘానిస్తాన్‌లో ఉన్న ప్రాచీన నగరం. ఆ కాలపు వర్తకుడికి కూడా పానీయపు పేరులో దేశం పేరు వినబడడం ముఖ్యమే. దేశనామం కేవలం అలంకారం కాదు, అది ఒక హామీ. బోజొలేలో ఈ హామీయే తరువాత చట్టంగా మారింది.

బహిష్కృతమైన తీగ

బోజొలే ప్రాంతం లియాన్ నగరానికి ఉత్తరాన, సోన్ నదికి పడమటి కొండవాలులపై ఉంది. బోజ్యూ అనే చిన్న పట్టణం పేరు మీదుగా ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. ఉత్తర భాగంలో నల్లరాయి, ఇసుక కలిసిన నేలలు, దక్షిణ భాగంలో బంకమన్ను, సున్నపురాయి నేలలు ఉన్నాయి. ఇక్కడ పండే ఎర్ర ద్రాక్ష దాదాపు అంతా ఒకే జాతికి చెందినది. దాని పేరు గమే.

గమే చరిత్ర అవమానంతో మొదలైంది. బర్గండీ పాలకుడైన ఫిలిప్ ప్రభువు 1395 జూలై 31న వెలువరించిన శాసనంలో గమేను చెడ్డ మొక్కగా, నమ్మదగని మొక్కగా నిందించి, తన రాజ్యంలోని గమే తీగలను నరికివేయాలని ఆజ్ఞాపించాడు. గమే తొందరగా పండుతుంది, విరివిగా కాస్తుంది. బర్గండీకి పేరు తెచ్చిన పినో తీగ తక్కువ కాస్తుంది, సాగు చేయడం కష్టం. కూలీల కొరత ఉన్న ఆ కాలంలో రైతులు సహజంగానే గమే వైపు మొగ్గారు. తమ ప్రాంతపు వైన్‌కు దూరదేశాలలో ఉన్న గౌరవం పోతుందని ప్రభువు భయపడ్డాడు. శాసనంలోని కోపం వెనుక ఉన్న ఆలోచన వాణిజ్య సంబంధమైనది. ఒకే ఊరి పేరు మీద రెండు రకాల సరుకు వెళితే తక్కువరకం సరుకు ఎక్కువరకం పేరును పాడు చేస్తుందన్నదే ఆ ఆలోచన.

శాసనం తక్షణం పూర్తిగా అమలు కాలేదు. అయినా కాలక్రమంలో బర్గండీలోని మేలైన వాలులు పినోకు దక్కాయి. గమేకు దక్షిణాన ఉన్న బోజొలే స్థిరమైన ఇల్లయింది. నల్లరాయి నేలల్లో గమే కాపు తగ్గి రుచి పెరిగింది. బర్గండీలో తక్కువరకంగా ముద్రపడిన తీగ బోజొలేలో మంచి పేరు సంపాదించింది. ఒక మొక్క మంచిదా చెడ్డదా అన్నది ఆ మొక్క మీదనే ఆధారపడదు, అది నాటుకున్న నేల మీద కూడా ఆధారపడుతుందని ఈ చరిత్ర తెలుపుతుంది. నేటి కొనుగోలుదారుకు దీనివల్ల మరొక ప్రయోజనం ఉంది. బర్గండీ పినో ధరలు సామాన్యుడికి అందనంతగా పెరిగినా, పక్కనే ఉన్న బోజొలే గమే ధరలు చాలావరకు అందుబాటులోనే నిలిచాయి.

లియాన్ నగరం, కొత్త వైన్

బోజొలేకు మొదటి అంగడి లియాన్. ఆ నగరం పట్టునేతకు ప్రసిద్ధి. అక్కడి మగ్గాల మీద పనిచేసిన నేతగాళ్లు, కూలీలు, చిన్న వర్తకులు తాగినది ఖరీదైన పాత వైన్ కాదు, పీపాల నుంచి నేరుగా పోసి ఇచ్చే ఆ ఏటి వైన్. లియాన్‌లోని చిన్న భోజనశాలల్లో నేటికీ వైన్‌ను 46 సెంటీలీటర్లు పట్టే, అడుగు మందంగా ఉండే గాజు సీసాలో వడ్డిస్తారు. రోన్, సోన్ నదులతోపాటు బోజొలే అనే మూడవ నది కూడా లియాన్ గుండా ప్రవహిస్తుందన్న చతురోక్తి ఫ్రాన్స్‌లో ప్రచారంలో ఉంది. నగరపు రోజువారీ దాహానికీ ఈ ప్రాంతానికీ ఉన్న సంబంధం అందులో వ్యక్తమవుతుంది.

ఇక్కడ ఋతుధర్మం ముఖ్యం. ఉత్తరార్ధగోళపు చల్లని ప్రాంతాలలో ద్రాక్ష వేసవి చివర, శరత్తు ఆరంభంలో కోతకు వస్తుంది. పులియడం ముగిసేసరికి చలి మొదలవుతుంది. ఈ కాలానికి పాత వైన్ నిల్వలు తరిగిపోతాయి. సీసాలు, బిరడాలు అందరికీ అందుబాటులోకి రాకముందు పీపాలోని వైన్ ఏడాది గడిచేసరికి పులిసిపోయే ప్రమాదం ఉండేది. అందువల్ల కొత్త వైన్ రాక ఒక ఆనంద సందర్భం. తెలుగు రైతు ఇంట కొత్త బియ్యం, కొత్త బెల్లం వచ్చిన రోజులకు ఉండే ప్రాధాన్యంతో దీనిని పోల్చవచ్చు. భారతదేశంలో వైన్ తయారీకి కేంద్రమైన నాసిక్ ప్రాంతంలో ద్రాక్షకోత శీతకాలం చివర, వేసవి ఆరంభంలో జరుగుతుంది. కనుక అక్కడి వైన్‌కు శరత్కాలంతో ఇటువంటి సంబంధం లేదు. మరొక విశేషం, నవంబరు మూడవ గురువారం సాధారణంగా కార్తిక మాసంలో వస్తుంది. ఫ్రాన్స్‌లో కొత్త పీపాలు తెరిచే ఆ రోజుల్లోనే అనేక తెలుగు ఇళ్లలో మద్యమాంసాలను విడిచిపెట్టే నియమం పాటిస్తారు.

లియాన్ దాటి పారిస్ చేరడానికి బోజొలేకు జలమార్గం తోడ్పడింది. 1642లో పూర్తయిన బ్రియార్ కాలువ లోయిర్, సేన్ నదులను కలిపింది. వైన్‌ను కొండలు దాటించి లోయిర్ రేవులకు చేర్చి అక్కడి నుంచి పడవల మీద రాజధానికి పంపేవారు. పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో పారిస్, లియాన్ నగరాలను కలిపే రైలుమార్గం ఏర్పడిన తరువాత ఈ ప్రయాణం ఎంతో తగ్గింది. ప్రయాణకాలం తగ్గడమంటే చౌక వైన్ చెడిపోకుండా దూరపు ఊరికి చేరడమే.

ఈ వ్యాపారంలో రైతు స్థితి మాత్రం బలహీనమైనది. బోజొలేలో సగపాలు పద్ధతి చాలాకాలం సాగింది. తోట యజమానిది, శ్రమ రైతుది, పంట చెరిసగం. నిల్వ ఉంచుకొనే గదులు, పీపాలు కొనే స్తోమత లేని రైతుకు కోసిన వెంటనే అమ్ముకోగలగడం ప్రాణావసరం. కొత్త వైన్ సంప్రదాయానికి వేడుకతో సమానంగా ఈ నగదు అవసరం కూడా మూలం.

తెగులు, మోసం, చట్టం

1860 దశకంలో ఫ్రాన్స్‌లో బయటపడిన ఫిలాక్సెరా అనే పురుగు ద్రాక్ష వేర్లను తినివేసి దేశంలోని తోటలను నాశనం చేసింది. బోజొలే కూడా దీనికి మినహాయింపు కాలేదు. ఆ పురుగును తట్టుకొనే అమెరికా ద్రాక్ష వేరుమొక్కలపై ఫ్రెంచి తీగలను అంటుకట్టడమే చివరకు పరిష్కారమైంది. ఈ పద్ధతిని ప్రచారం చేసిన ప్రముఖులలో బోజొలేలోని షిరూబ్ల్ గ్రామానికి చెందిన విక్టర్ ప్యూలియా ఒకడు. ద్రాక్షజాతుల శాస్త్రంలో నిపుణుడైన ఆయన రైతులకు అంటుకట్టే విద్యను నేర్పించాడు.

తోటలు నశించిన కాలంలో కొరతను ఆసరా చేసుకొని ఎండుద్రాక్ష, చక్కెర, నీళ్లతో చేసిన కల్తీ పానీయాలు అంగళ్లను ముంచెత్తాయి. ఒక ఊరి పేరు మీద మరొక ఊరి సరుకు అమ్మడం కూడా సాధారణమైంది. ధరలు పడిపోయి రైతులు రోడ్డెక్కారు. 1905లో ఫ్రాన్స్ సరుకుల కల్తీకి వ్యతిరేకంగా చట్టం చేసింది. 1935లో వైన్ ఊరిపేర్లను నియంత్రించే జాతీయ వ్యవస్థ ఏర్పడింది. ఆ వ్యవస్థ ప్రకారం ఒక పేరు వాడాలంటే ద్రాక్ష ఆ ప్రాంతంలోనే పండాలి. అనుమతించిన జాతినే నాటాలి. హెక్టారుకు ఇంత అని నిర్ణయించిన దిగుబడిని మించకూడదు. 1937లో బోజొలే ఈ గుర్తింపు పొందింది. 1395లో ప్రభువు ఆజ్ఞ ద్వారా చేయదలచిన పనిని ఇరవయ్యో శతాబ్దంలో రైతులు, ప్రభుత్వం కలిసి చట్టం ద్వారా చేశారు. మొదటిది గమేను వెళ్లగొట్టిన శాసనమైతే, రెండవది గమేకు చిరునామా ఇచ్చిన శాసనం.

ఇదే కాలంలో ఈ ప్రాంతం సాహిత్యంలోనూ స్థానం పొందింది. గాబ్రియెల్ షెవాలియే 1934లో వెలువరించిన 'క్లోష్‌మెర్ల్' అనే వ్యంగ్య నవల బోజొలేలోని ఒక కల్పిత గ్రామపు కథ. అది విస్తృతంగా చదువరులను ఆకర్షించి, ద్రాక్షతోటల నడుమ ఉన్న ఈ పల్లెలను దేశమంతటికీ పరిచయం చేసింది.

1951: ఒక ఉత్తర్వు, ఒక సడలింపు

1951 సెప్టెంబరులో ఫ్రెంచి ప్రభుత్వం ఊరిపేరు గుర్తింపు గల వైన్‌లను డిసెంబరు 15కు ముందు అమ్మకూడదని నిబంధన విధించింది. లియాన్ భోజనశాలలకు శరత్కాలంలోనే కొత్త వైన్ పంపే అలవాటున్న బోజొలే రైతులకు ఇది పెద్ద దెబ్బ. వారు అభ్యంతరం తెలిపారు. ఫలితంగా 1951 నవంబరు 13న పన్నుల శాఖ ఒక సర్క్యులర్ ద్వారా కొన్ని వైన్‌లను గడువుకు ముందే అమ్మడానికి అనుమతించింది. బోజొలే నూవోకు అధికారిక జన్మదినంగా చరిత్రకారులు పరిగణించేది ఆ తేదీనే. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఈ వేడుకకు జన్మస్థానం పన్నుల శాఖ కాగితం కావడం గమనార్హం.

తొలి సంవత్సరాలలో విడుదల తేదీ ఏటేటా మారుతూ వచ్చింది. 1967లో నవంబరు 15వ తేదీగా స్థిరపరిచారు. ఆ తేదీ ఆదివారమో సెలవురోజో అయితే రవాణాకు ఇబ్బంది కనుక 1985 నుంచి నవంబరు మూడవ గురువారంగా మార్చారు. వారాంతపు అమ్మకాలకు ఇది అనుకూలం. అమెరికాలో కృతజ్ఞతా దినోత్సవం నవంబరు నాల్గవ గురువారం వస్తుంది. అందువల్ల సరిగ్గా వారం ముందు విడుదలయ్యే ఈ వైన్ ఆ పండుగ భోజనానికి సిద్ధంగా ఉంటుంది.

తయారీ విధానం, ధర

సెప్టెంబరులో కోసిన ద్రాక్ష నవంబరుకు తాగదగిన వైన్ కావాలంటే తయారీలో వేగం ఉండాలి. సాధారణంగా ఎర్ర వైన్ కోసం ద్రాక్షను నలిపి, రసాన్ని తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడతారు. తొక్కల నుంచి, గింజల నుంచి వగరు దిగుతుంది. ఆ వగరు మెత్తబడడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. బోజొలేలో అలా కాక ద్రాక్షను చేతితో కోసి, గుత్తులను నలపకుండా తొట్టెల్లో నింపుతారు. అడుగున బరువుకు చితికిన పండ్ల రసం పులియడంతో వెలువడే కార్బన్ డయాక్సైడ్ తొట్టిని నింపుతుంది. గాలి అందని ఆ స్థితిలో చితకని పండ్లలో లోలోపలే ఒక రకమైన పులియడం మొదలవుతుంది. ఈ ప్రక్రియను మిషెల్ ఫ్లాంజీ అనే శాస్త్రవేత్త 1930 దశకంలో అధ్యయనం చేశాడు. నూవో కోసం ఈ దశను నాలుగైదు రోజుల్లోనే ముగించి గుత్తులను పిండుతారు. దాంతో రంగు, పండ్ల వాసన వస్తాయి, వగరు మాత్రం చాలా తక్కువగా ఉంటుంది.

చౌకదనానికి కారణం ఇక్కడే ఉంది. దీనికి ఓక్ చెక్క పీపాలు అవసరం లేదు. ఏళ్ల తరబడి నిల్వ ఉంచే గదుల అద్దె లేదు. పెట్టుబడి రెండు మూడు నెలల్లో తిరిగి వస్తుంది. రైతుకు చలికాలానికి ముందే నగదు అందుతుంది. కొనేవాడికి తక్కువ ధరకు, వెంటనే తాగదగిన, కొద్దిగా చల్లబరిచి పుచ్చుకోవలసిన తేలికైన వైన్ దొరుకుతుంది. ఇద్దరికీ లాభం కలిగించిన ఈ ఏర్పాటులో మొదట లోపం కనిపించలేదు.

పరుగు

యుద్ధానంతర కాలంలో పారిస్ పానశాలల తలుపుల మీద 'బోజొలే నూవో వచ్చేసింది' అనే ప్రకటన శరత్తుకు గుర్తుగా మారింది. రెనే ఫాలే 1975లో ఆ మాటనే తన నవలకు పేరుగా పెట్టుకున్నాడు. 1974లో లండన్ వారపత్రిక 'సండే టైమ్స్' మొదటి సీసాను ఎవరు ముందుగా తెస్తారన్న పోటీని పాఠకుల ముందుంచింది. కార్లు, విమానాలతో ఆ పరుగు ఏటేటా వార్త అయింది. బోజ్యూలో విడుదలకు ముందురాత్రి ఎండు ద్రాక్షకొమ్మల కాగడాలతో ఊరేగి, అర్ధరాత్రి పీపా తెరిచే ఉత్సవం ప్రసిద్ధి పొందింది.

ఈ విస్తరణలో ప్రధాన పాత్ర వహించిన వర్తకుడు జార్జ్ దుబోఫ్. 1933లో జన్మించి 2020లో మరణించిన ఆయన 1964లో సొంత సంస్థ ప్రారంభించాడు. చిన్న రైతుల నుంచి వైన్ సేకరించి, పూలబొమ్మల చీటీలతో సీసాల్లో నింపి దేశదేశాలకు పంపాడు. జపాన్ తరువాతి కాలంలో నూవోకు అతి పెద్ద విదేశీ మార్కెట్ అయింది. సమయమండలాల తేడా వల్ల ఫ్రాన్స్‌కు ముందే అక్కడ గురువారం వస్తుంది. దాంతో సీసాలు ముందుగా విమానాల్లో ప్రయాణించాలి. లియాన్ పట్టునేతగాడు పీపా దగ్గర తాగిన వైన్ భూగోళాన్ని చుట్టి వచ్చే సరుకైంది. ఉచ్చస్థితిలో బోజొలే ఉత్పత్తిలో దాదాపు సగం నూవోగానే అమ్ముడుపోయింది.

పేరుకు కలిగిన నష్టం

గిరాకీ పెరిగిన కొద్దీ దిగుబడి మీద దృష్టి పెరిగింది. పలుచని రసానికి చక్కెర కలిపి మద్యపు పాలు పెంచడం, త్వరగా ఒకే రకపు వాసన ఇచ్చే ఈస్ట్ వాడడం వంటి పద్ధతులు వ్యాపించాయి. ఎవరు చేసినా, ఏ ఊరిలో చేసినా వైన్ ఒకే రుచిలో ఉందన్న విమర్శ వచ్చింది. తేదీ ప్రధానమై ఊరు అప్రధానమైంది. 2001 పంట అమ్ముడుపోక సుమారు 11 లక్షల కేసులకు సమానమైన బోజొలే వైన్‌ను, అందులో ఎక్కువభాగం నూవోను, పారబోయడమో బట్టీ పట్టి పారిశ్రామిక మద్యంగా మార్చడమో చేయవలసి వచ్చింది.

ఈ నష్టం పంపకంలోనే అసలు అన్యాయం ఉంది. బోజొలే ఉత్తరభాగంలో పది గ్రామ ప్రాంతాలకు సొంత పేరుతో ప్రత్యేక గుర్తింపు ఉంది. అవి సెంట్ అమూర్, జూలియెనా, షెనా, మూలెన్ ఆ వాన్, ఫ్లూరీ, షిరూబ్ల్, మోర్గాన్, రెన్యే, బ్రూయీ, కోట్ ద బ్రూయీ. వీటిలో చివరగా 1988లో గుర్తింపు పొందినది రెన్యే. ఈ పది పేర్ల మీద నూవో అమ్మడానికి వీలులేదు. ఇక్కడి వైన్ కనీసం తరువాతి ఏడాది దాకా ఆగుతుంది. మూలెన్ ఆ వాన్, మోర్గాన్ వంటివి మంచి ఏడులో పదేళ్లకు పైగా నిలుస్తాయి. అయినా 'బోజొలే' అనగానే కొనుగోలుదారు మనసులో నవంబరు గురువారం మాత్రమే మెదిలింది. ఆ పరుగులో పాలుపంచుకోని రైతు కూడా అందరితోపాటు తక్కువ ధరకే అమ్ముకోవలసి వచ్చింది. తరువాతి రెండు దశాబ్దాలలో ప్రాంతంలోని ద్రాక్షతోటల విస్తీర్ణం గణనీయంగా తగ్గింది. ఒకే పేరు కింద రెండు రకాల సరుకు వెళితే ఏమవుతుందని 1395 నాటి ప్రభువు భయపడ్డాడో అదే ఆరు శతాబ్దాల తరువాత గమే సొంత ఇంట్లోనే జరిగింది. అయితే ఈసారి తప్పు తీగది కాదు.

దీనికి ప్రతిగా మరొక ధోరణి ఆ నేల మీదనే పుట్టింది. లా షాపెల్ ద గెన్షే గ్రామంలో వైన్ వర్తకుడు, రసాయన శాస్త్రజ్ఞుడు అయిన జ్యూల్ షోవే నివసించాడు. ఆయన జీవితకాలం 1907-1989. వాసనల పరిశీలనలో, ఈస్ట్ అధ్యయనంలో ఆయన చేసిన కృషి ప్రసిద్ధం. ఆరోగ్యకరమైన పండు, తోటలో సహజంగా ఉండే ఈస్ట్, వీలైనంత తక్కువ గంధకం, చక్కెర చేర్చకపోవడం ఆయన సూత్రాలు. మోర్గాన్ రైతు మార్సెల్ లాపియెర్ 1980 దశకం నుంచి ఈ మార్గాన్ని అనుసరించాడు. 2010లో మరణించిన ఆయన 'సహజ వైన్' ఉద్యమానికి ఆద్యులలో ఒకడిగా గుర్తింపు పొందాడు. గమనించవలసిన విషయమేమంటే వీరు వాడినదీ గమేనే, గుత్తులను నలపకుండా పులియబెట్టే పద్ధతే. అదే తీగ, దాదాపు అదే పద్ధతి. తేడా దిగుబడిలో, ఓపికలో, ఊరిపేరు పట్ల బాధ్యతలో ఉంది.

చీటీని చదవడం

పై చరిత్ర తెలిసినవారికి వైన్ చీటీ ఒక చిన్న చారిత్రక పత్రంగా కనిపిస్తుంది. 'బోజొలే' అన్న పేరు మాత్రమే ఉంటే అది విశాల ప్రాంతపు వైన్, ఎక్కువగా దక్షిణపు నేలలది. 'బోజొలే విలాజ్' అని ఉంటే నిర్ణీత గ్రామాల పరిధిలోనిది, సాధారణంగా ఒక మెట్టు మేలైనది, ధరలో తేడా స్వల్పం. పది గ్రామ ప్రాంతాల పేర్లలో ఏదైనా ఉంటే చీటీ మీద 'బోజొలే' అనే మాట తరచు కనిపించదు. ఆ పేర్లు తెలియనివారు పక్క అరలో ఉన్న మంచి సీసాను గుర్తించలేరు. తక్కువ ధరకు ఎక్కువ నాణ్యత దొరికే చోటు చాలాసార్లు ఇదే. ప్రాంతం పేరుకు కలిగిన నష్టం ఇంకా పూర్తిగా తీరకపోవడం వల్ల ఈ గ్రామాల వైన్ ధర దాని నాణ్యతకు తగినంత పెరగలేదు.

శరత్కాలపు భోజనానికి వైన్ ఎంచుకొనేవారికి రుచుల పరిభాష కూడా ఉపకరిస్తుంది. తెలుగువారికి షడ్రుచుల వివేకం సహజం. వైన్‌లో ముఖ్యంగా పరిశీలించవలసినవి తీపి, పులుపు, వగరు. గమేలో వగరు తక్కువ, పులుపు చురుకైనది. అందువల్ల కొవ్వు గల వంటకాలతోను, కాల్చిన చెస్ట్‌నట్ గింజల వంటి శరత్కాలపు తినుబండారాలతోను అది ఇముడుతుంది. నూవోను కొన్ని నెలల్లోనే ముగించాలి. ఆ తరువాత తక్కువ ధరకు దొరికే నూవో చౌక కాదు, అది కాలం చెల్లిన సరుకు. ధర తగ్గడం వేరు, విలువ ఉండడం వేరు అన్న విచక్షణ ఇక్కడే అవసరమవుతుంది.

ముగింపు

ఆరు శతాబ్దాల ఈ చరిత్రలో గమే తీగ బహిష్కారాన్ని, తెగులును, కల్తీని తట్టుకొని నిలిచింది. దానికి చివరకు ఎదురైన పెద్ద ప్రమాదం దాని విజయమే. 1937 నాటి చట్టం ఊరిపేరును కాపాడింది. 1951 నాటి సడలింపు రైతుకు నగదునిచ్చింది. రెండూ అవసరమైనవే. కానీ రెండవదానికోసం మొదటిదాన్ని మరచినప్పుడు ఆ పేరు పలుచబడింది. 'వైన్స్' అనే బోర్డు కింద వైన్ అరుదైనట్లే, 'బోజొలే' అనే మాట కింద బోజొలే ఊళ్లు కొంతకాలం కనుమరుగయ్యాయి. వాటిని తిరిగి వెలుగులోకి తెచ్చినవారు దిగుబడి తగ్గించుకొని, గ్రామం పేరును సీసా మీద నిలబెట్టిన రైతులు. కాపిశాయనం అన్న పేరు విన్ననాటి వర్తకుడిలాగే నేటి కొనుగోలుదారు కూడా సీసా మీద మొదట వెదకవలసింది విడుదల తేదీని కాదు, అది పుట్టిన ఊరిని. అందుబాటు ధరలో మంచి వైన్ నిలవాలంటే ఆ ఊరి రైతు నిలవాలి. ఆ ఊరి పేరు చదివి కొనేవారు ఉన్నంతవరకు అది సాధ్యమే.